నల్లగొండ నుంచి పార్క్‌లేన్‌కు: పాత సిస్టమ్‌కు కొత్త పార్టుల కోసం ఒక ప్రయాణం

నల్లగొండ గడియారం సెంటర్‌కు దగ్గర్లో ఉన్న మా డీటీపీ షాపులో 2025 దాకా పదకొండేళ్లు ఒకే సిస్టమ్ మీద పని చేశాను. మూడో తరం కోర్ ఐ3 ప్రాసెసర్, హెచ్61 మదర్‌బోర్డు, 4 జీబీ ర్యామ్ (చేస్తున్న పనిని అప్పటికప్పుడు పట్టి ఉంచే మెమరీ), 500 జీబీ హార్డ్ డిస్క్. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పెళ్లిపత్రిక, కరపత్రం చేసినంత కాలం వేగం విషయంలో అది నన్ను ఎన్నడూ ఇబ్బంది పెట్టలేదు. ఫ్లెక్సీల పని పెరిగిన తర్వాతే ఇబ్బంది మొదలైంది. ఫోటోషాప్‌లో ఫైలు తెరిచి, అది తెర మీదికి వచ్చేలోగా బయటికి వెళ్లి చాయ్ తాగి రావలసి వచ్చేది. దానికి తోడు 2025 అక్టోబరు 14 తర్వాత విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు ఆగిపోతాయని, విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరం ప్రాసెసర్ అయినా ఉండాలని తెలిసింది. అందుకే ఆ సెప్టెంబరులో ఒక శనివారం, 28 వేల రూపాయలు జేబులో పెట్టుకుని, పాలిటెక్నిక్ చదువుతున్న మా మేనల్లుడిని వెంటబెట్టుకుని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ షాపులకు బయలుదేరాను.

ఉదయం ఏడింటి బస్సు ఎక్కాం. చెర్వుగట్టు దాటి, నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ రహదారి మీదికి వచ్చేవరకు ఇద్దరం ఇంటి సంగతులే మాట్లాడుకున్నాం. చిట్యాల దాటిన తర్వాత మావాడు నోటు పుస్తకం తీశాడు. ఏం కొనాలన్నది పక్కన పెట్టి, సిస్టమ్ మీద నేను ఏ పని చేస్తానో ముందు చెప్పమన్నాడు. ఆ ప్రశ్న నుంచే మా లెక్క మొదలైంది. పది అడుగుల పొడవు, ఆరు అడుగుల ఎత్తు ఉన్న ఫ్లెక్సీని అంగుళానికి 72 పిక్సెళ్ల చొప్పున తయారు చేస్తే, ఒక వైపు 8,640, మరో వైపు 5,184, మొత్తం దాదాపు నాలుగున్నర కోట్ల పిక్సెళ్లు అవుతాయి. అచ్చుకు వాడే నాలుగు రంగుల పద్ధతి సీఎంవైకేలో ఒక్కో పిక్సెల్‌కు 4 బైట్లు పడతాయి కాబట్టి, నిండుగా ఉన్న ఒక్క లేయర్‌కే (డిజైన్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చే పొరకే) 180 ఎంబీ దాకా కావాలి. నాయకుల ఫోటోలు, నేపథ్యం, అక్షరాలు కలిపి పది లేయర్లు పేరిస్తే, విండోస్ తన వాటా తీసుకోగా మిగిలిన ర్యామ్ చాలదు. అప్పుడు ఫోటోషాప్ హార్డ్ డిస్క్‌నే ర్యామ్ మాదిరిగా వాడుకోవడం మొదలుపెడుతుంది, సిస్టమ్ బిగుసుకుపోయేది అక్కడే. డబ్బు ముందుగా ర్యామ్ మీద, హార్డ్ డిస్క్ కన్నా చాలా వేగంగా ఫైళ్లు అందించే ఎస్ఎస్‌డీ మీద పెట్టాలని పంతంగి టోల్‌గేట్ దాటకముందే తేల్చుకున్నాం.

పాత బోర్డులోనే ర్యామ్ పెంచి, హార్డ్ డిస్క్ మాదిరిగా తీగతో కలిపే సాటా ఎస్ఎస్‌డీ ఒకటి పెట్టుకుంటే సరిపోదా అని నాకు చివరిదాకా ఆశ ఉండేది. ఆ బోర్డు 16 జీబీ దాకా తీసుకుంటుంది కూడా. ఇంట్లో చదువుకోవడానికో, లెక్కలు రాసుకోవడానికో వాడే సిస్టమ్‌కైతే ఇప్పటికీ ఎవరికైనా ముందు ఆ సలహానే ఇస్తాను. మా బోర్డులో మాత్రం రెండు ర్యామ్ స్లాట్లలో ఒకటి ఏడాది కిందే చచ్చిపోయింది. అందులో వాడే పాత తరం డీడీఆర్3 ర్యామ్ కొత్త బోర్డుల్లో పనికిరాదు. తర్వాతి తరమైన డీడీఆర్4 స్టిక్‌కు గాటు వేరే చోట ఉంటుంది, ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి కూర్చోదు.

ఎల్బీనగర్‌లో దిగి మెట్రో ఎక్కాం. ఎంజీబీఎస్‌లో మారి, జేబీఎస్ పరేడ్ గ్రౌండ్‌లో దిగి, అక్కడి నుంచి ఆటోలో పార్క్‌లేన్ చేరేసరికి షాపుల షట్టర్లు అప్పుడప్పుడే లేస్తున్నాయి. చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను అక్కడ అందరూ సీటీసీ అనే అంటారు. అంతస్తు అంతస్తునా కంప్యూటర్ షాపులే. మొదటి గంట ఏమీ కొనకూడదని, నాలుగైదు షాపుల్లో ఒకే చీటీ చూపించి ధరలు రాయించుకోవాలని అనుకున్నాం, అలాగే చేశాం. మావాడు వేసవిలో రాసుకున్న ధరలతో పోలిస్తే మిగతావన్నీ కాస్త అటూ ఇటూగా ఉన్నాయి కానీ, డీడీఆర్4 ర్యామ్ మాత్రం బాగా పెరిగింది. తయారీ సంస్థలు డీడీఆర్5 వైపు, డేటా సెంటర్ల మెమరీ వైపు మళ్లడంతో డీడీఆర్4 రాక తగ్గిందని షాపులవాళ్లు చెప్పారు.

ప్రాసెసర్ దగ్గరే అసలు చర్చ జరిగింది. మా చీటీలో ఉన్నది రైజెన్ 5 5600జీ. ఒక షాపాయన, "అన్నా, జీ లేనిది తీసుకోండి, స్పీడు ఇంకా ఎక్కువ" అని 5600 డబ్బా ముందు పెట్టాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. నేను దాదాపు ఒప్పుకున్నాను. మావాడు నా మోచెయ్యి పట్టుకుని, "వద్దు మామా, దీంట్ల గ్రాఫిక్స్ ఉండదు. ఒట్టిగ ఇదొక్కటే పెడితే తెర మీద ఏం రాదు, మళ్ల కార్డు కొనాలె" అన్నాడు. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉన్నవాటికీ ఇదే సంగతి. నాకు ఆటలతో పని లేదు, గ్రాఫిక్స్ కార్డుకు వేరే డబ్బూ లేదు. ఇంటెల్ ఐ3-12100 కూడా చూశాం. అది కూడా మంచిదే, కానీ దానికి నాలుగు కోర్లు (ప్రాసెసర్ లోపల విడివిడిగా పని చేసే భాగాలు), 5600జీకి ఆరు. ఫోటోషాప్ పక్కనే కోరల్‌డ్రా, పేజ్‌మేకర్ తెరిచి ఉంచే నాకు ఆరు కోర్లే నయమనిపించింది. ఇంకో షాపులో అదే 5600జీ తక్కువకు వస్తుందన్నారు. తీరా చూస్తే అది డబ్బా లేని ట్రే ప్రాసెసర్. దానితో ఫ్యాన్ రాదు, కంపెనీ మూడేళ్ల వారంటీ వర్తించదు. కాదని డబ్బాతో ఉన్నదే తీసుకున్నాం.

ప్రాసెసర్ కుదిరాక దానికి సరిపోయే ఏ520 మదర్‌బోర్డు త్వరగానే కుదిరింది. మా పాత మానిటర్‌కు వీజీఏ తీగ ఒక్కటే ఉంది కాబట్టి, ఆ పోర్టు ఉన్న బోర్డు కావాలని మాత్రం పట్టుబట్టాం. ర్యామ్ ఒకే 16 జీబీ స్టిక్ తీసుకుంటే రేపు ఇంకొకటి చేర్చుకోవచ్చు, రెండు 8 జీబీలు తీసుకుంటే బోర్డులో ఉన్న రెండు స్లాట్లూ నిండిపోతాయి. అయినా రెండు 8 జీబీలే కొన్నాను. 5600జీలోని గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ లేదు, ర్యామ్‌నే పంచుకుంటుంది. రెండు స్టిక్‌లు ఉంటే రెండు దారుల్లో డేటా అందుతుంది. ఎస్ఎస్‌డీలో జెన్4 రకం చూపించారు కానీ, ఎస్ఎస్‌డీకి డేటా నడిచే దారి అయిన పీసీఐ ఎక్స్‌ప్రెస్ విషయంలో ఈ ప్రాసెసర్ మూడో తరం (3.0) దగ్గరే ఆగుతుంది కాబట్టి, దాని అదనపు వేగం మాకు అందదు. ఆ దారిని వాడుకునే ఎన్‌వీఎంఈ రకం ఎస్ఎస్‌డీ, 500 జీబీ జెన్3 తీసుకున్నాం.

సిస్టమ్ పార్టులన్నిటికీ కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ విషయంలో మాత్రం నేను ఎవరి మాటా వినలేదు. మూడేళ్ల కింద మాఘమాసంలో, పెళ్లిపత్రికల పని నెత్తిమీద ఉన్నప్పుడు, క్యాబినెట్‌తో పాటు వచ్చిన ఎస్ఎంపీఎస్ కాలిపోయి హార్డ్ డిస్క్‌ను కూడా తీసుకుపోయింది. పదిహేడు పత్రికలు మళ్లీ టైపు చేశాను. ఆ తర్వాత వేసిన కొత్త ఎస్ఎంపీఎస్ కూడా చవకదే. బయలుదేరే ముందు రోజు రాత్రి దాన్ని విప్పి స్టిక్కర్ చదివాం. పైన పెద్ద అక్షరాలతో 450 వాట్లు అని ఉంది. కింద చిన్న పట్టికలో 12 వోల్టుల లైనుకు 16 ఆంపియర్లు అని ఉంది, అంటే 192 వాట్లు. ప్రాసెసర్‌కు కావలసిన కరెంటు ఆ 12 వోల్టుల లైను నుంచే వస్తుంది. సీటీసీలో కొన్న, కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ బ్రాంజ్ గుర్తున్న 450 వాట్ల దాని మీద అదే లైనుకు 35 ఆంపియర్లు రాసి ఉంది, అంటే 420 వాట్లు. 5600జీ 65 వాట్ల ప్రాసెసరే, దానికి ఇంత అక్కర్లేదని నాకూ తెలుసు. కరెంటు వచ్చి పోయే మా వీధిలో నేను డబ్బు పెట్టింది వాట్ల కోసం కాదు, లోపల ఉండే రక్షణ కోసం.

బోర్డు పాత స్టాకైతే అందులో ఉండే బయాస్ (సిస్టమ్‌ను మొదట లేపే ప్రోగ్రామ్) ఈ ప్రాసెసర్‌ను గుర్తించకపోవచ్చని, అక్కడే పెట్టి చూపించమని అడిగాం. షాపు కుర్రాడు సాకెట్ పక్కన ఉన్న చిన్న కడ్డీని పైకెత్తి, ప్రాసెసర్ మూలనున్న బంగారు రంగు త్రికోణాన్ని సాకెట్ మీది త్రికోణానికి ఎదురుగా ఉంచి, వేలితో నొక్కకుండా వదిలాడు. అన్ని పిన్నులూ తమంతట తామే దిగాయి. స్క్రూడ్రైవర్ కొనతో పవర్ పిన్నులు రెండింటినీ తాకించగానే ఫ్యాన్ తిరిగి, తెర మీద ప్రాసెసర్ పేరు, 16 జీబీ ర్యామ్ కనిపించాయి. ప్రతి పార్టు సీరియల్ నంబరు రాయించి, 18 శాతం జీఎస్టీతో బిల్లు తీసుకున్నాం. తిరుగు ఛార్జీలు పోగా జేబులో నాలుగు వందల చిల్లర మిగిలింది.

రాత్రి తొమ్మిదింటికి షాపు షట్టర్ సగం దించి పని మొదలుపెట్టాం. పాత బోర్డు తీశాక, బోర్డును క్యాబినెట్ రేకుకు తగలకుండా పైకెత్తి పట్టే ఇత్తడి స్టాండాఫుల్లో ఒకటి కొత్త బోర్డు రంధ్రాలకు సరిపోవడం లేదని మావాడు టార్చి వేసి చూశాడు. దాన్ని అలాగే ఉంచి బిగిస్తే, బోర్డు వెనకాల టాంకాలకు తగిలి షార్ట్ అయ్యేది. విప్పి పక్కన పెట్టాం. పాత హార్డ్ డిస్క్‌ను కస్టమర్ల ఫైళ్ల కోసం అలాగే ఉంచి, విండోస్‌ను, ఫోటోషాప్‌ను కొత్త ఎస్ఎస్‌డీలో వేశాం. పన్నెండు దాటాక, వినాయక చవితికి చేసిన పది ఆరు ఫ్లెక్సీ ఫైలును దానిలోకి కాపీ చేసి తెరిచాను. కుర్చీ దగ్గరికి లాక్కునే లోపే లేయర్లన్నీ వరుసగా తెర మీద ఉన్నాయి. మావాడు అప్పటికే బల్ల మీద తల వాల్చి నిద్రపోయాడు. మర్నాడు ఇవ్వవలసిన దసరా ఫ్లెక్సీని ఆ రాత్రే పూర్తి చేసి, వాడిని లేపి ఇంటికి తీసుకెళ్లాను.