కిటికీ మార్చక్కర్లేదు, చక్రాలు మార్చండి

మాది విశాఖపట్నంలో పెదవాల్తేరు. మేడ ఎక్కితే సముద్రం కనిపిస్తుంది. వచ్చినవాళ్లంతా అదృష్టవంతులంటారు, నిజమే. కానీ ఈ ఉప్పుగాలికి ఇంట్లో ఇనుమన్నది నిలవదు. గడియలు, బందులు, స్క్రూలు, ఏదీ ఎక్కువ కాలం ఆగదు. అందుకే ఇక్కడ ఇల్లున్నవాళ్లు కిటికీల సంగతి కాస్త తెలుసుకుని ఉండాలని నా గట్టి నమ్మకం.

మా ముందు గదులవి అల్యూమినియం స్లైడింగ్ కిటికీలు. ఈ ఏడాది ఎండాకాలానికి రెక్కలు బిగుసుకుపోయి, రెండు చేతులతో లాగితే గానీ జరగడం లేదు. చూడ్డానికి వచ్చినాయన "మొత్తం పీకించేసి యూపీవీసీ ప్లాస్టిక్ కిటికీలు పెట్టించేయండి మేడమ్" అంటూ టేపు తీసి కొలతలు కూడా మొదలుపెట్టాడు. నాకు మనసొప్పలేదు. ఫ్రేము నిక్షేపంలా ఉంది, అద్దాలు బాగున్నాయి. ఏది చెడిందో చూడకుండా బాగున్నదంతా పారేయడం ఎందుకు?

రెక్కను పైకి ఎత్తి, కింది అంచును లోపలికి లాగితే ట్రాక్‌లోంచి బయటికి వచ్చేస్తుంది. అద్దంతో కలిపి బరువు బాగా ఉంటుంది, ఒక్కరే ఎత్తే పని పెట్టుకోకండి. మా తమ్ముడు ఒకవైపు పట్టుకున్నాడు. తిరగేసి చూస్తే అడుగున రెండు చివర్లా చిన్న రోలర్లు. పైకి నైలాన్ చక్రమే, దాని మధ్యలో ఉన్నది మాత్రం ఇనప పిన్ను. అది తుప్పు పట్టి ఉబ్బి చక్రాన్ని పట్టేసింది. గోటితో తిప్పినా కదలదు. తిరగని చక్రాన్ని రోజూ ట్రాక్ మీద ఈడ్చడంతో కిందివైపు అరిగి చదునైపోయింది. అలాగే వదిలేస్తే చక్రం పూర్తిగా పోయి, రెక్క అంచు ట్రాక్‌నే గీరేస్తుంది. అప్పుడు నిజంగానే ఫ్రేము మార్చాలి.

పాత రోలర్‌ను జేబులో వేసుకుని పూర్ణా మార్కెట్ వైపు వెళ్లాం. నమూనా లేకుండా వెళ్లొద్దు. "అమ్మా, ముప్పావు ఇంచి సెక్షనా, ఇంచిదా?" అని (అంటే కిటికీ అల్యూమినియం పట్టీ సైజు) షాపతను అడిగిన మొదటి ప్రశ్నకే మా దగ్గర జవాబు లేదు. పాతది చేతికివ్వగానే నిమిషంలో జత తీసిచ్చాడు. "సముద్రం పక్కనే బాబూ, తుప్పు పట్టనిదివ్వు" అంటే స్టెయిన్‌లెస్ స్టీల్ బేరింగు ఉన్నది చూపించాడు. ధర ఎక్కువే, అయినా అదే తీసుకున్నాం. స్క్రూలు కూడా స్టెయిన్‌లెస్‌వే. ఇందులోనూ 304, 316 అని రకాలున్నాయి. 316లో మాలిబ్డినం ఉంటుంది కాబట్టి ఉప్పును ఇంకా బాగా ఓర్చుకుంటుంది, కానీ అక్కడ దొరకలేదు. మామూలు ఇనప స్క్రూ వేస్తే తుప్పు పట్టాక తల ఊడిపోయి, మొండెం ఫ్రేములోనే ఉండిపోతుంది. దాన్ని బయటికి తీయడం పెద్ద తలనొప్పి.

ఇప్పుడు వేలితో తోస్తే చాలు, జరుగుతోంది. ఆ హాయి అనుభవిస్తే గానీ తెలీదు!

రోలర్ల కన్నా ముఖ్యమైనది, ఎవరూ పట్టించుకోనిది ఇంకోటుంది. కింది ట్రాక్‌లో, బయటి వైపున సన్నటి కన్నాలుంటాయి. లోపల చేరిన వాననీళ్లు పోయే దారి అదే. మావి దుమ్ముతో, రంగులప్పుడు పడిన లప్పంతో పూడిపోయి ఉన్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా అద్దాలు పగల్లేదు గానీ, ట్రాక్ నిండి నీళ్లు గదిలోకి పొర్లాయి. పాత టూత్‌బ్రష్‌తో మట్టి తీసి, సన్నని తీగతో కన్నాలు పొడిచి, గ్లాసెడు నీళ్లు పోసి చూడండి. నీళ్లు బయటి గోడ మీదికి జారితే దారి తెరుచుకున్నట్టే. తుపాన్ల కాలానికి ముందు ఈ ఒక్క పనైనా చేయమని మా వీధిలో అందరికీ చెబుతున్నాను.

రెక్కల సందులో ఉండే బొచ్చు పట్టీ, అద్దం చుట్టూ ఉండే రబ్బరు కూడా మార్చాం. రెండూ మీటర్ల లెక్కన అమ్ముతారు. రబ్బరును సాగదీసి పెడితే కొన్నాళ్లకు కుంచించుకుపోయి మూలల్లో సందు వస్తుంది. కాస్త పొడుగ్గా కోసి, నొక్కి కూర్చాలి. ఫ్రేముకీ గోడకీ మధ్య పూసే సిలికాన్ న్యూట్రల్ రకం అడగండి. వెనిగర్ వాసన వచ్చే రకం అద్దానికి పనికొస్తుంది గానీ సిమెంటుకు సరిగా పట్టదు. ట్రాక్‌లో నూనె మాత్రం పోయకండి, దుమ్మంతా దానికే అంటుకుని ముద్ద అవుతుంది. సిలికాన్ స్ప్రే కొద్దిగా కొడితే చాలు.

ఇక మిగిలింది వెనక గదిలో నాన్నగారు చేయించిన టేకు కిటికీ. బందుల స్క్రూలు వదులయ్యాయి. ఆ కన్నాల్లోకి ఫెవికాల్‌లో ముంచిన వెదురు పుల్లలు దిగ్గొట్టి, ఆరాక మళ్లీ బిగించాడు మా వడ్రంగి. వానలకు రెక్క ఉబ్బి పట్టేస్తోంది, చిత్రిక పట్టమంటే ఒప్పుకోలేదు. "ఇప్పుడు చెక్కితే ఎండాకాలానికి సందు పడిపోద్దమ్మా, సంక్రాంతి వెళ్లాక చూద్దాం" అన్నాడు. అందాకా అంచుకి కొవ్వొత్తి రుద్ది వాడుకుంటున్నాం.