మొదటి రౌండు మెల్లగా

పైడితల్లమ్మ సిరిమాను పండగ అయిపోయి, వానలు కాస్త తెరిపిచ్చాక మా బడి గ్రౌండులో ట్రాక్ గీతలు మళ్ళీ వేస్తాం. నేను లెక్కల టీచర్ని. విజయనగరం నుంచి నెల్లిమర్ల వైపు వెళ్ళే దారిలో ఓ ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో పనిచేస్తున్నాను. ఆటలు నేర్పే పీడీ గారు కబడ్డీ, ఖోఖో చూసుకుంటారు. పరుగు నాకు ఇష్టమని తెలిసి, ఆ పిల్లల్ని నాకు వదిలేశారు.

గీతలు వేసే రోజు తొమ్మిదో తరగతి మొత్తం గ్రౌండులోనే ఉంటుంది. మా స్థలంలో పట్టేది 200 మీటర్ల ట్రాక్. రెండు వైపులా 40 మీటర్ల తిన్నని దారి, రెండు చివర్లా 60 మీటర్ల చొప్పున వంపు. 60ని పై (π)తో భాగిస్తే వంపు వ్యాసార్థం 19 మీటర్ల 10 సెంటీమీటర్లు. మాది సున్నం గీత, అంచున గట్టు ఉండదు. అలాంటి చోట గీతకి 20 సెంటీమీటర్ల అవతల కొలవాలని నియమం. అందుకని మేకుకి కట్టే తాడు 18 మీటర్ల 90 సెంటీమీటర్లు ఉండాలి. ఒకడు మేకు పట్టుకుంటాడు, ఒకమ్మాయి తాడు లాగి పట్టి తిరుగుతుంది, వెనకాల ఇద్దరు సున్నం పోసుకుంటూ వస్తారు.

ఆ తర్వాత వచ్చే ప్రశ్న కోసం నేను ఏటా ఎదురు చూస్తాను. "మేడమ్, రెండో లైన్ వాళ్ళని ముందుకి నిలబెట్టేరేటి?" అని ఎవరో ఒకరు అడుగుతారు. లైన్ వెడల్పు 1.22 మీటర్లు. దాన్ని రెండుతోనూ పై (π)తోనూ గుణిస్తే 7 మీటర్ల 67 సెంటీమీటర్లు. ఒక రౌండుకి ఒక్కో లైన్‌కి అంత ముందు నిలబెట్టాలి. ట్రాక్ 200 మీటర్లదైనా, 400 మీటర్లదైనా ఈ తేడా మారదు, వ్యాసార్థం లెక్కలోంచి ఎగిరిపోతుంది కదా! బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కని పిల్లలు, టేపు పట్టుకుని కొలిచాక ఇంక మరచిపోరు.

ఇక పరుగు సంగతి. మా పిల్లలకి ఓపిక లేక కాదు, తొందర ఎక్కువై ఓడిపోతారు. 800 మీటర్లంటే మాకు నాలుగు రౌండ్లు. విజిల్ వినగానే కుక్క తరిమినట్టు లగెత్తుతారు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి మొదటి రౌండు 36 సెకన్లలో చుట్టేసింది, రెండోది 46, మూడోది 54, నాలుగోది 56. మొత్తం 3 నిమిషాల 12 సెకన్లు. డొక్కలో నొప్పని కూలబడింది. ఆ పరుగులో సగానికి పైగా శక్తి మనం పీల్చే గాలితోనే రావాలి. మొదట్లోనే ఊపిరికి మించి పరిగెడితే కండరాలు బిగుసుకుపోయి ఆఖర్న కాళ్ళు కదలవు.

పెద్దవాళ్ళ పరుగు కూడా చూపించాను. కెన్యా అతను డేవిడ్ రుడీషా 2012 లండన్ ఒలింపిక్స్‌లో 800 మీటర్లు 1 నిమిషం 40.91 సెకన్లలో పరిగెత్తి ప్రపంచ రికార్డు పెట్టాడు. మొదటి 400 మీటర్లు 49.28 సెకన్లు, రెండో 400 మీటర్లు 51.63. తేడా రెండున్నర సెకన్ల లోపే. "మరి మీకు ఇరవయ్యేసి సెకన్ల తేడా ఎందుకొస్తోంది?" అంటే అందరూ నా వంక కాక నేల వంక చూశారు.

ఇప్పుడు ట్రాక్ మీద 50 మీటర్లకో ఇటుక పెట్టాం. రౌండుకి 46 సెకన్లు అనుకుంటే ఇటుకకీ ఇటుకకీ మధ్య పదకొండున్నర సెకన్లు. నేను ఆ లెక్కన విజిల్ ఊదుతాను. విజిల్ మోగేసరికి ఇటుక దగ్గర ఉండాలి, దాటి ఉన్నా తప్పే. ముందుకెళ్ళిపోయిన వాళ్ళని ఆపడం వెనకబడ్డ వాళ్ళని ఉరికించడం కంటే చాలా కష్టం.

ఈ కష్టం నాకు వయొలిన్ దగ్గర చిన్నప్పుడే అలవాటైంది. మా విజయనగరం మ్యూజిక్ కాలేజీలో సర్టిఫికెట్ కోర్సు చేశాను. 1919లో పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామినాయుడు గారు వయొలిన్ ఆచార్యులు. అంత పెద్దవాళ్ళు నడిచిన చోట కూర్చున్నాననే భక్తి నాకిప్పటికీ ఉంది. వర్ణం మొదలెట్టిన కాలంలోనే, అంటే అదే వేగంలో, చివరిదాకా నిలబడాలని మా గురువుగారు తొడ మీద తాళం వేసి వేసి నేర్పించారు. ఇప్పుడు మావాడు మృదంగం నేర్చుకుంటున్నాడు, ఆరో తరగతి. రాత్రి భోజనాలయ్యాక నేను వాయిస్తుంటే వాడు పక్కన కూర్చుంటాడు. నేను కాస్త ఉరికితే వాయించడం ఆపేసి, "అమ్మా, బేగి బేగి వెళ్ళిపోతన్నావు" అంటాడు. వాడికి పరుగంటే అస్సలు పడదు. రమ్మని నేనూ అడగను.

మా ఆయన ఆర్టీసీ డ్రైవర్. డ్యూటీ చార్టు చూశాకే మా ఇంట్లో ఎవరు ఎప్పుడు లేవాలో తేలుతుంది. తెల్లారుజామున బండెక్కే రోజుల్లో ఆయన నాతోపాటే లేచి, నా కాఫీ కూడా కలిపి వెళ్తారు. అత్తయ్యగారు చోడి (రాగి) అంబలి కాచి స్టీలు క్యాన్‌లో పోసిస్తారు, నాకు కాదు, పరిగెత్తే పిల్లలకి. "ఆ గుంటలు ఖాళీ కడుపున ఏటి పరిగెడతారే" అని ఆవిడ దిగులు.

ఆ దిగులులో నిజముంది. ఇందాక చెప్పిన అమ్మాయి పద్ధతిగా పరిగెత్తడం మొదలెట్టాక కూడా మూడో రౌండుకి మొహం పాలిపోయేది. ఊళ్ళో నర్సు ఏఎన్ఎమ్ గారితో రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.2 వచ్చింది. ఆ వయసు ఆడపిల్లకి 12 ఉండాలి. పరుగు ఆపించి నడక ఒక్కటే ఉంచాను. డాక్టరు గారు రాసిన ఐరన్ మాత్రలు వేసుకుంటోంది. పొద్దున్న అన్నం తినగానే టీ తాగడం ఆ ఇంట్లో అలవాటు. టీ వల్ల తిన్నదాంట్లోని ఇనుము ఒంటికి సరిగా పట్టదని, దాని బదులు పప్పులో నిమ్మకాయ పిండుకుంటే పడుతుందని వాళ్ళమ్మకి చెప్పాను. ఆవిడ ఆ రోజు నుంచే మానిపించింది. హిమోగ్లోబిన్ 11 దాటాక డాక్టరు గారు సరేనంటే మళ్ళీ ట్రాక్ ఎక్కింది. మొన్న శనివారం నాలుగు రౌండ్లు: 46, 46, 46, 45. మొత్తం 3 నిమిషాల 3 సెకన్లు. కూలబడలేదు సరికదా, సున్నం డబ్బా తనే మోసుకెళ్ళి గదిలో పెట్టింది. నాకు ఆ ఆఖరి 45 చూసి కళ్ళు చెమర్చాయి.

మండల పోటీలకి పొద్దుటి ప్రాక్టీసు కావాలి. సాయంత్రం ఉక్కలో చెమట ఆరక పిల్లలు త్వరగా అలిసిపోతారు. ఆ అమ్మాయి నాన్నతో మాట్లాడ్డానికి ఇంటికి వెళ్ళాను. గోగు నార ఆరేస్తూ విన్నారు. "పరిగెడితే ఏటొస్తాది మేడమ్?" అని అడిగారు. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ పేరు చెప్పాను, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హర్డిల్స్ పరిగెత్తిందని, మన దేశం నుంచి ఆ పోటీకి వెళ్ళిన మొదటి అమ్మాయని. మీ అమ్మాయి అంతదూరం వెళ్తుందని నేను మాటివ్వలేనని కూడా చెప్పాను. ఒంట్లో రక్తం పట్టింది, చదువులో చురుకైంది, అది మీరు చూస్తూనే ఉన్నారు కదా అన్నాను.

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, చీకటితో పిల్లని ఒంటరిగా రోడ్డు మీదికి పంపలేనన్నారు. ఆ మాట న్యాయమే. వాళ్ళ ఊరు బడికి ఒక స్టాపు ముందే ఉంది. సోమవారం నుంచి నేను అక్కడే బస్సు దిగుతున్నాను. ఇద్దరం కలిసి బడికి నడుస్తాం. వార్మప్ కూడా అయిపోతుంది. నిన్న ఇంకో ఇద్దరు అమ్మాయిలు స్టాపు దగ్గర నిలబడి ఉన్నారు, అత్తయ్యగారికి పెద్ద క్యాన్ కొనాలి.