జేబు జారుడు: 2.6 నుంచి 0.6కి వచ్చింది, అయినా పని అవలేదు

పిల్లలతో కలిసి యూనిఫాం స్కర్టుకి జేబు కుడుతున్నాం. వేసుకుని తిరిగితే ఆ జేబు అడుగు కిందికి ఎంత దిగుతుందో అదే జారుడు. ఈ శనివారం అది 0.6 సెంటీమీటర్లకి దిగింది! మూడు వారాల కిందట 2.6 ఉండేది. పిల్లలు టేపు పెట్టి చూసి ఒకటే కేకలు. పావుగంటలో ఇంకో చిక్కు బయటపడింది, అది తర్వాత చెప్తాను.

బెంగళూరు మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్ హాల్లో కుట్టు నేర్చుకోవడానికి ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా తొమ్మిది మంది వస్తున్నారు. పాత జీన్స్‌తో పుస్తకాల సంచి పోయిన నెలలోనే అయిపోయింది, బాగా వచ్చింది. ఇప్పుడు యూనిఫాం స్కర్టుకి జేబు.

బడిలో పిల్లల్ని ఇంటర్వ్యూ చేయడానికి వెళ్ళేముందు మా పిల్లలతో "జేబు కావాలా?" అని మాత్రం అడగొద్దన్నాను. ఎవరైనా కావాలనే అంటారు. "నిన్న బడిలో చేత్తో పట్టుకుని తిరిగినవి ఏంటి?" అని అడిగారు. కర్చీఫు, ఐడీ కార్డు, పెన్ను, ఇంటి తాళాలు, చిల్లర. ఒక అమ్మాయి నోటితో చెప్పకుండా నోట్‌బుక్‌లో రాసి చూపించింది: శానిటరీ ప్యాడ్, బాత్‌రూమ్ దాకా ఎవరికీ కనపడకుండా. జేబు లోతు ఆ ఒక్క లైనుతోనే తేలిపోయింది. అన్నీ కలిపి వంటింటి కాటా మీద 140 గ్రాములు. (గోడ నిండా రంగురంగుల చీటీలు అంటించే పద్ధతి నాకు నచ్చదు. తలా ఒక నోట్‌బుక్ ఇస్తే ఇలాంటి మాటలు బయటికొస్తాయి.)

ముందు న్యూస్‌పేపర్‌తో జేబు చేసి పిన్నులతో గుచ్చాం. అరగంట నడిచినా కదల్లేదు. సరే అని అవే కొలతలతో, నోరు 14, వెడల్పు 13, లోతు 17 సెంటీమీటర్లు, లైనింగ్ గుడ్డలో కుట్టాం. రెండు గంటలు ఆడుకుని వచ్చాక నడుము అంచు నుంచి జేబు అడుగుదాకా కొలిస్తే 2.6 జారింది. "ఆంటీ, నడుస్తుంటే తొడకి కొట్టుకుంటోంది" అంది వేసుకున్న పిల్ల. కాగితం సాగదు, గుడ్డ సాగుతుంది. కాగితం నమూనాతో ఆకారం తెలిసింది కానీ బరువు సంగతి తెలియలేదు. ఇకమీదట బరువు మోసేది ఏదైనా మొదటి నమూనా పాత దుప్పటి గుడ్డలోనే.

మొదటి అనుమానం కటింగ్ మీద. గుడ్డ కలిసొస్తుందని పిల్లలు ముక్కల్ని క్రాస్‌గా కత్తిరించారు. పడుగు (గుడ్డ పొడవునా ఉండే దారాలు) వెంట నిలువుగా కత్తిరించి మళ్ళీ కుడితే 1.7. నోటి దగ్గర బక్రం (కాలర్లలో వేసే గట్టి గుడ్డ) వేశాం. నోరు తెరుచుకోవడం ఆగింది, జారుడు 1.5 దగ్గరే ఉంది. లోతు 13కి తగ్గిస్తే 1.4, పైగా ప్యాడ్ అంచు బయటికి కనిపించింది. ఆ అమ్మాయి ఏమీ అనలేదు, చేత్తో మూసుకుంది. వెంటనే 17కే తిరిగొచ్చాం.

అప్పుడు ఒక పిల్లాడు వాళ్ళ అమ్మమ్మ రొండిన దోపుకునే చిల్లర సంచి గుర్తు చేశాడు. అది జారదు, ఎందుకంటే బరువు నడుము మీద ఉంటుంది. 18వ శతాబ్దంలో ఇంగ్లండ్ ఆడవాళ్ళు కూడా జేబుల్ని నాడాతో నడుముకి కట్టుకుని స్కర్టు లోపల వేలాడదీసుకునేవాళ్ళని చెప్పాను. మా జేబు బరువంతా పక్క కుట్టు మీదే పడుతోంది. జేబు పైఅంచుకి 6 సెంటీమీటర్ల కాటన్ టేపులు రెండు కుట్టి, నడుము పట్టీలోకి కలిపేశాం. 0.6!

ఇక కొత్త చిక్కు. కూర్చుంటే టేపులు బిగుసుకుని, ఆ వైపు ఎలాస్టిక్ కిందికి జారుతోంది. టేపు మరీ పొట్టిదైందా, లేక రెండూ ఒకే చోట లాగుతున్నాయా? నాకు రెండోదే అనిపిస్తోంది. వచ్చే వారం టేపులు తీసేసి, జేబు గుడ్డనే వెడల్పుగా స్కర్టు ముందు మధ్య దాకా పొడిగించి పట్టీలో కలుపుతాం. కొన్ని ప్యాంటు జేబుల్లో అలా చేస్తారు.

ఆన్‌లైన్‌లో కొన్న బుల్లి కుట్టు మిషన్ బక్రం దగ్గర దారం ముడేసి ఆగిపోయింది. పిల్లలకి అలాంటివి కొనకండి. నా పాత ఉషా జనోమ్ మిషన్ ఒక్కటే అందరికీ తిరుగుతోంది. గురువారం చిక్‌పేట వెళ్ళి లైనింగ్ ఇంకో రెండు మీటర్లు తేవాలి. వానాకాలం లోపు స్కూలు బ్యాగుని కూడా కప్పే రెయిన్‌కోటు మొదలుపెడదామని పిల్లలు అప్పుడే అడుగుతున్నారు. దానికి పాత షవర్ కర్టెన్ ఎవరింట్లో ఉందో కనుక్కోవాలి.