ఇరవై ఎనిమిది సెకన్ల వేగం

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే మనందరి సీటీసీ, ఒక్కసారి చుట్టి వస్తే ‘10 కోర్లు, 4.4 గిగాహెర్ట్జ్ వరకు’ లాంటి ల్యాప్‌టాప్ ప్రకటన బోర్డు ఎక్కడో ఒకచోట తగులుతుంది. పది పెద్దగా, నాలుగు పాయింట్ నాలుగు ఇంకా పెద్దగా ఉంటాయి. ‘వరకు’ మాత్రం దోమ కాలంత. ఆ బోర్డులో అబద్ధం ఒక్కటీ లేదు, చిక్కల్లా అక్కడే. అబద్ధమైతే పట్టుకోవడం తేలిక.

ఆ అంకెలు ఇంటెల్ ఐ5-1235యూ అనే ల్యాప్‌టాప్ చిప్‌వి. పది కోర్లలో, అంటే చిప్‌లో లెక్కలు చేసే భాగాల్లో, పెద్దవి రెండే, మిగతా ఎనిమిదీ చిన్నవి. 4.4 పెద్ద కోర్ల గరిష్ఠం. చిన్నవి 3.3 దాటవు. అసలు కథ వాట్లలో, అంటే చిప్ తినే కరెంటులో ఉంది. బరువైన పని మీద పడగానే ఈ చిప్ 55 వాట్ల దాకా లాగవచ్చని ఇంటెల్ రాసింది. ఎంతసేపు? ఇంటెల్ లెక్కలో మామూలుగా 28 సెకన్లు. కొందరు తయారీదారులు ఆ గడువు పెంచుతారు, కొందరు 55 వాట్లనే తగ్గిస్తారు. గడువు అయ్యాక దిగేది 15 వాట్లకో, తయారీదారు పెట్టిన హద్దుకో. బోర్డు మీది వేగం ఆ మొదటి అర నిమిషానిది. మీరు కొనేది ఆ తర్వాతి మూడేళ్ల వేగం.

దాని పక్కనే ఐ5-12450హెచ్ ఉంటుంది. నాలుగు పెద్ద కోర్లు, నాలుగు చిన్నవి, మొత్తం ఎనిమిది. గరిష్ఠం అదే 4.4. ‘అన్నా, ఇది ఎయిట్ కోరే, అది టెన్ కోర్’ అంటూ షాపు కుర్రాడు మిమ్మల్ని మొదటిదాని వైపు తిప్పుతాడు. కానీ రెండోదాని మూల వాట్లు, అంటే గడువు అయ్యాక దిగేవి, 45. పది నిమిషాల వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టి చూడండి, చల్లబరిచే ఏర్పాటు సరిగా ఉంటే ఎనిమిదే గెలుస్తుంది. రెండింటి మీదా స్టిక్కర్ ఒకటే: ‘ఐ5, 12వ తరం’.

అలాగని పేరు చివర ‘యూ’ ఉన్న చిప్ చెడ్డదేం కాదు. ట్యాలీ, ఎక్సెల్, బ్రౌజర్‌కి అదే మేలు: వేడి తక్కువ, చార్జింగ్ ఎక్కువసేపు వస్తుంది. అమీర్‌పేటలో కోర్సు చేరి ఆండ్రాయిడ్ స్టూడియో, డాకర్ లాంటి బరువైన సాఫ్ట్‌వేర్లు పక్కపక్కన తెరిచే పిల్లలకు మాత్రం హెచ్ కావాలి. అప్పుడు చార్జర్ సంచిలో మోయక తప్పదు.

తరం అంకె కూడా మాయ చేస్తుంది. ఏఎండీ కంపెనీ చిప్ రైజెన్ 5 7520యూ పేరు 7000 సిరీస్. మూడో అంకె చూడండి: 2. అంటే జెన్ 2, 2019 నాటి డిజైన్, నాలుగు కోర్లు. అదే 7840యూలో మూడో అంకె 4, జెన్ 4. ఆ వరసలో మొదటి అంకె చెప్పేది మార్కెట్‌కొచ్చిన ఏడాదిని. లోపలి సరుకు చెప్పేది మూడో అంకె. కొనేవాడు మొదటి అంకె దగ్గరే ఆగిపోతాడని పేరు పెట్టినవాళ్లకు తెలియకపోదు.

గ్రాఫిక్స్‌లో ఈ ఆట ఇంకా ముదురు. ల్యాప్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4060కి ఎన్‌విడియా ఇచ్చిన పరిధి 35 నుంచి 115 వాట్లు. పేరు అదే, స్టిక్కర్ అదే. సన్నటి ల్యాప్‌టాప్‌లో తక్కువ వాట్లతో నడిచేది, లావుపాటి దాంట్లో పూర్తి వాట్లతో నడిచేది ఒకే కార్డు అనుకుంటే మోసపోతాం. షాపులో అడగాల్సింది ‘గ్రాఫిక్స్ ఏంటి’ అని కాదు, ‘టీజీపీ ఎంత’, అంటే గ్రాఫిక్స్‌కి ఎన్ని వాట్లు ఇచ్చారు అని. వాళ్లకు తెలియకపోతే తయారీ కంపెనీ సైట్‌లో ఆ మోడల్ స్పెసిఫికేషన్ పేజీలో వెతకండి. అక్కడా వాట్లు రాయలేదంటే తక్కువే అనుకోవడం మేలు.

2025 జనవరిలో సీఈఎస్ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన వేదిక మీద ఎన్‌విడియా అధిపతి జెన్సెన్ హువాంగ్ 549 డాలర్ల ఆర్‌టీఎక్స్ 5070 పాత 4090 పనితనం ఇస్తుందన్నారు. ఆ పోలిక నిలబడింది మల్టీ ఫ్రేమ్ జనరేషన్ మీద. కార్డు నిజంగా గీసే ఒక్కో ఫ్రేమ్‌కి ఏఐ మూడేసి కల్పిస్తుంది. స్క్రీన్ మూలలో ‘సెకనుకు ఇన్ని ఫ్రేములు’ అన్న అంకె పెరుగుతుంది గానీ మౌస్ కదిపితే స్పందించేది నిజం ఫ్రేమే. బ్లెండర్ లాంటి 3డీ సాఫ్ట్‌వేర్‌లో బొమ్మలు తయారుచేయడానికి (రెండరింగ్) ఆ కల్పిత ఫ్రేములు ఎందుకూ కొరగావు. మెమరీ కూడా 12 జీబీ, 4090కేమో 24.

ర్యామ్ విషయం క్లుప్తంగా. మొదట చెప్పిన 1235యూలో ‘ఐరిస్ ఎక్స్ఈ గ్రాఫిక్స్’ అని ప్రకటనలో ఉంటుంది. లోపల ఒకే 8 జీబీ స్టిక్ పెడితే మెమరీ ఒక్క చానెల్‌లోనే, అంటే ఒకే దారిలో నడుస్తుంది, అప్పుడు విండోస్ దాన్ని ‘యూహెచ్‌డీ గ్రాఫిక్స్’ అని చూపిస్తుంది. పాడైంది కాదు, ఆ పేరుకు రెండు చానెళ్లు ఉండాలి. ఖాళీ స్లాట్ ఉంటే ఇంకో స్టిక్ వేస్తే సరి.

ఎస్ఎస్‌డీ పెట్టె మీద ‘సెకనుకు 3500 ఎంబీ వరకు’. అది తెల్లవారుజామున ఖాళీ ఔటర్ రింగ్ రోడ్డు మీద బండి వేగం, అంటే ఒకే పెద్ద ఫైలును వరసగా చదవడం. విండోస్ రోజంతా చేసేది సందుల్లో తిరగడం, చిన్నచిన్న ముక్కలు అక్కడొకటి ఇక్కడొకటి. డిస్కు వేగం కొలిచే క్రిస్టల్‌డిస్క్‌మార్క్‌లో అట్టడుగు వరస అదే. అక్కడ మామూలుగా 50-70 ఎంబీ చదివితే కంగారు పడకండి. ఇంకో సంగతి: ఆ సాఫ్ట్‌వేర్ తనంతట 1 జీబీతోనే పరీక్షిస్తుంది, అది డిస్కులో వేగంగా రాసే చిన్న తాత్కాలిక భాగంలోనే (క్యాష్) ఇమిడిపోతుంది. సైజు 64 జీబీకి మార్చి రాయించండి. క్యూఎల్‌సీ అనే చవక రకం మెమరీ వాడే డిస్కులు కొన్ని క్యాష్ నిండాక వంద ఎంబీ చుట్టుపక్కలకు పడిపోతాయి, పాత హార్డ్ డిస్కే నయమనిపిస్తాయి.

బ్యాటరీ గంటల్ని భాగహారంతో తేల్చేయొచ్చు. 42 వాట్-అవర్ బ్యాటరీ 10 గంటలు వస్తుందంటే ల్యాప్‌టాప్ మొత్తం సగటున 4.2 వాట్లతో బతకాలి. వెలుతురు తగ్గించి, వైఫై ఆపి, డిస్కులో ఉన్న వీడియో ఒక్కటే ఆడిస్తే కుదరొచ్చు. డజను ట్యాబులు, వైఫైతో 10 వాట్లు వేసుకోండి: నాలుగు గంటల పైచిలుకు.

కొనే ముందు చేయాల్సింది పావుగంట పని. చిప్‌కి పరీక్ష పెట్టే సినీబెంచ్ ఆర్23, వాట్లు, వేడి చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో పోర్టబుల్ (ఇన్‌స్టాల్ అక్కర్లేనిది) పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లండి. సీలు తీయనివ్వరు కాబట్టి అదే మోడల్ డెమో పీస్ అడగండి. చార్జర్ పెట్టి, ఫ్యాన్ మోడ్ ఏదో చూసి, మల్టీ కోర్ పరీక్ష నడపండి. అది దానంతట పది నిమిషాలు తిరుగుతుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో ‘సీపీయూ ప్యాకేజ్ పవర్’ అన్న వరస మొదటి పది సెకన్లలో ఎంతో, తొమ్మిదో నిమిషంలో ఎంతో రాసుకోండి. రెండోదే మీ కంప్యూటర్. ఉష్ణోగ్రత కూడా రాసుకోండి, కానీ అది 24 డిగ్రీల ఏసీ షాపులోది. మే నెలలో మన గది 38 ఉంటే చిప్ కూడా దాదాపు ఆ పద్నాలుగూ కలుపుకుంటుంది. షాపులోనే 95 చూపించే ల్యాప్‌టాప్‌కి ఇంట్లో వాట్లు కోసుకోవడం తప్ప దారి ఉండదు, ఎందుకంటే చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్ చిప్‌లకు 100 డిగ్రీలే హద్దు.

ఇలాంటి ప్రకటనలు నియంత్రణ సంస్థల దాకా, కోర్టుల దాకా వెళ్లిన సందర్భాలున్నాయి. యాపిల్ పవర్ మ్యాక్ జీ5ని ‘ప్రపంచంలోకెల్లా వేగమైన పర్సనల్ కంప్యూటర్’ అన్న టీవీ ప్రకటనను 2003లో బ్రిటన్ నియంత్రణ సంస్థ తప్పుపట్టింది. జీటీఎక్స్ 970 గ్రాఫిక్స్ కార్డులో 4 జీబీ మెమరీలో వేగంగా నడిచేది 3.5 మాత్రమేనన్న అమెరికా కేసులో ఎన్‌విడియా 2016లో కార్డుకు 30 డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. ‘ఎనిమిది కోర్లు’ అని ఏఎండీ అమ్మిన ఎఫ్ఎక్స్ చిప్‌లలో రెండేసి కోర్లు దశాంశ లెక్కలు చేసే ఒకే ఫ్లోటింగ్ పాయింట్ యూనిట్‌ను పంచుకున్నాయి. 2019లో ఆ కేసు 1.21 కోట్ల డాలర్లకు రాజీ అయింది.

మన దగ్గర 2022 జూన్‌లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాల్లో పనికొచ్చే మాట ఒకటుంది: ప్రకటనలో గొప్ప ఏ భాషలో చెప్పుకుంటే, షరతు కూడా ఆ భాషలోనే, అదే ఫాంటులో ఉండాలి. తెలుగు పేపర్లో మొదటి పేజీ నిండా తెలుగు గొప్పలు, అడుగున చీమల బారులాంటి ఇంగ్లిష్ షరతులు చూసినప్పుడు ఇది గుర్తు తెచ్చుకోండి. ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబర్. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. మీరుండే జిల్లాలోనే వేయొచ్చు. కాకపోతే ప్రకటన ఫొటో, బిల్లు రెండూ ఉండాలి. బిల్లు మీద ‘ఐ5 ల్యాప్‌టాప్, 1’ అని గీకి ఇస్తే ఒప్పుకోకండి. 1235యూనో 12450హెచ్చో చివరి అక్షరంతో సహా, ర్యామ్ ఎన్ని స్టిక్కులో, గ్రాఫిక్స్ ఎన్ని వాట్లో రాయించుకున్నాకే డబ్బు తీయండి.