సమాచార సేవలో అడుగుపెట్టిన దారి

సివిల్ సర్వీసెస్ ఇంటర్వ్యూకు ముందు నింపే దరఖాస్తులో ప్రభుత్వ విధానాలను, పథకాలను మీడియా ద్వారా ప్రజలకు తెలియజేసే భారత సమాచార సేవను నేను పైవరుసలో రాసినప్పుడు, చేతికందే హోదాను వదులుకుంటున్నానని మిత్రులు నచ్చజెప్పబోయారు. కొంతకాలం జిల్లా విలేకరిగా తిరిగినవాణ్ణి కాబట్టి, పథకం ఎంత మంచిదైనా దాని వివరం అర్హుడికి గడువులోగా తెలియకపోతే అతనికి అది లేనట్టేనని నాకు గట్టిగా తెలుసు. అందుకే ఆ వరుస మార్చలేదు.

మెయిన్స్‌లో 1750 మార్కుల రాతపరీక్ష గట్టెక్కాక, ఢిల్లీలోని యూపీఎస్సీ కార్యాలయమైన ధోల్‌పూర్ హౌస్‌లో 275 మార్కుల ఇంటర్వ్యూకు కూర్చున్నాను. ప్రభుత్వానికి ఇబ్బంది కలిగించే ప్రశ్న విలేకరి అడిగితే ఏం చేస్తారని బోర్డు సభ్యులొకరు అడిగారు. చెప్పదగినది చెబుతాను, చెప్పకూడనిదైతే ఆ మాటే చెబుతాను, అబద్ధం మాత్రం ఆడను అన్నాను. నేటికీ నా అభిప్రాయం అదే.

సర్వీసు కేటాయించాక హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లోని మర్రి చెన్నారెడ్డి సంస్థలో ఫౌండేషన్ కోర్సు, ఆ తరువాత 1965లో మొదలైన ఢిల్లీలోని భారతీయ జనసంచార సంస్థ (ఐఐఎంసీ)లో వృత్తి శిక్షణ సాగాయి. అసలు పని నేర్చుకున్నది అక్కడే. పేజీలకొద్దీ ఉన్న మంత్రివర్గ నిర్ణయాన్ని చేతికిచ్చి, లబ్ధి ఎవరికి, ఎప్పటి నుంచి, ఎక్కడ దరఖాస్తు చేయాలన్నది మొదటి పేరాలోనే వచ్చేలా పత్రికా ప్రకటన రాయమనేవారు. నేను మంత్రి పేరుతో మొదలుపెడితే ఆ వాక్యాన్ని కిందికి దింపేవారు. పార్లమెంటు సమావేశాలు జరుగుతుండగా విధాన నిర్ణయాన్ని ముందుగా సభలోనే చెప్పాలన్న సంప్రదాయం, ఎంబార్గో, అంటే ఫలానా సమయం వరకు ప్రచురించకూడదన్న షరతు, ఉన్న ప్రకటనను గడియ ముందు కూడా బయటపెట్టకూడదన్న కట్టుబాటు అక్కడే ఒంటబట్టాయి.

ప్రజా దౌత్యం, అంటే ప్రభుత్వం తన మాటను విదేశీ ప్రజలకు చేర్చడం, ఎలా ఉంటుందో మాత్రం 2023 జూన్‌లో, హైదరాబాద్‌లో జరిగిన జీ20 వ్యవసాయ మంత్రుల సమావేశంలో కళ్లారా చూశాను. అది అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం. విదేశీ విలేకరులు ఆహార భద్రతపై కుదిరిన దక్కన్ ఉన్నత స్థాయి సూత్రాల పూర్తి ప్రతి అడుగుతుంటే, పక్కనే ఉన్న తెలుగు విలేకరి ఇందులో జొన్న రైతుకు ఒరిగేదేమిటని నిలదీశారు. ఇద్దరికీ చెప్పవలసిన వాస్తవం ఒకటే. కానీ జిల్లా ఎడిషన్ ముగిసేలోపు ఆ రెండో ప్రశ్నకు సూటిగా జవాబిచ్చే తెలుగు ప్రకటన వెళ్లకపోతే, అంత పెద్ద సమావేశం మన రైతు ఇంట్లో ఫోటో దగ్గరే ఆగిపోతుంది. తెలుగు ప్రతిని ఇంగ్లీషు ప్రతి వెనుక నడిచే అనువాదంగా చూసే అలవాటు పోవాలని నేను పై అధికారుల ముందు ఇప్పటికీ వాదిస్తూనే ఉన్నాను.

సివిల్స్ ఒక్కటే దారి కాదు. పాత్రికేయ విద్యార్హత ఉన్నవారి కోసం ఈ సేవలోని సీనియర్ గ్రేడ్ పోస్టులకు యూపీఎస్సీ విడిగా ప్రకటన ఇస్తుంది. వాటిలో భాషా పరిజ్ఞానానికి విలువ ఉంటుంది కాబట్టి, తెలుగులో తప్పుల్లేకుండా, వేగంగా రాయగలిగినవారు ఆ ప్రకటనల మీద కన్నేసి ఉంచాలి.