దిగే నీళ్ల మీద 19 రోజులు

శ్రీశైలం డ్యాం నిండు మట్టం 885 అడుగులు. వానాకాలంలో నిండిన కృష్ణ సంక్రాంతి దాటేసరికి దిగుముఖం పడుతుంది. ఎల్లూరు ఎత్తిపోతలకు కొంత, పోతిరెడ్డిపాడు కాలువకు కొంత, డ్యాం దగ్గర కరెంటుకు కొంత పోతూనే ఉంటుంది. అలా నీళ్లు దిగే రోజుల్లో మేమిద్దరం కొల్లాపూర్ దాటి సోమశిల రేవులో పుట్టి (గుండ్రటి బుట్టలాంటి పడవ) ఎక్కి, అమరగిరి వైపు నీళ్ల మధ్య మిగిలిన ఒక చిన్న తిప్ప మీద 19 రోజులున్నాం. అక్కడ ఉండాలనుకునేవాళ్లకు అన్నిటికంటే ముందు నీళ్లు రోజుకెంత దిగుతున్నాయో చూసే అలవాటు కావాలి. పుట్టిని లాగే చోటు, గుడారం, తాగునీళ్లు ముంచే చోటు అన్నీ దాన్ని బట్టే మారుతుంటాయి.

చూడడం తేలికే. నాలుగడుగుల వెదురు కర్రకు అంగుళానికొక గాటు పెట్టి, నీటి అంచుకు బారెడు లోపల పాతాం. నీళ్లు కర్రను దాటి దిగిపోతే పీకి ముందుకు జరపాలి. పొద్దున గాలి లేవకముందే చూడాలి, అలలు మొదలైతే లెక్క కుదరదు. మొదటి వారం రోజుకు రెండంగుళాలు దిగింది. తర్వాత మూడు, మూడున్నర. మొత్తం మీద నాలుగున్నర అడుగులు. అంగుళాల్లో వింటే కొంచెమే అనిపిస్తుంది. కానీ తిప్పకు తూర్పు వాలు ఎంత పల్చగా ఉందంటే, మట్టం అడుగు తగ్గితే అంచు ముప్పై అడుగులు వెనక్కి పోతుంది. అంటే రెండంగుళాలకు ఐదడుగుల బురద. రాత్రి అంచున పెట్టిన పుట్టికీ నీళ్లకూ మధ్య తెల్లారేసరికి మోకాలి లోతు ఒండ్రు ఉంటుంది. మూడో రోజే సామాను పడమటి వైపు రాతివాలుకు మార్చాం. అక్కడ అడుగు దిగినా రెండు మూడు అడుగులే నడక.

బురదలో మరో గండం పాత బావులు. డ్యాం కట్టాక ఇక్కడి ముంపు ఊళ్లన్నీ 1981 ప్రాంతంలో ఖాళీ అయ్యాయి. ఇప్పుడు నీళ్లు దిగితే పొలాల గట్ల రాళ్లు వరసలుగా తేలతాయి, చింతచెట్ల మొద్దులు తేలతాయి. బావులు మాత్రం తేలవు. ఒండ్రుతో నిండి, పైపైన ఎండి పెచ్చులు కట్టి, చుట్టూ ఉన్న నేలలాగే కనిపిస్తాయి. ఆరడుగుల కర్ర చేతిలో లేకుండా కొత్తగా తేలిన నేల మీద కాలు పెట్టొద్దు. ముందు పొడిచి చూడాలి. కర్ర ఆగకుండా దిగిందంటే వెనక్కి తిరగాలి. గట్టురాళ్ల వరస మీద నడవడం అన్నిటికంటే క్షేమం.

పుట్టి సంగతి. మాది ఎనిమిదడుగుల వెడల్పుది. వెదురు బద్దల అల్లిక, దాని మీద ప్లాస్టిక్ పట్టా, పైన తారు. పూర్వం పట్టా బదులు తోలు వేసేవాళ్లు, ఇప్పుడు ఫైబర్‌వీ వచ్చాయి. ఇద్దరం, అరవై కిలోల సామాను సరిగ్గా సరిపోయాం. బియ్యం, పిండి, నీళ్ల డబ్బాలు నడిమధ్యన, అడుగుకు ఆనుకుని ఉండాలి. గడ్డకు ఆనగానే దిగబోతూ నిలబడడం కొత్తవాళ్లంతా చేసే తప్పు. పక్క పుట్టిలోని ఆవిడ అరిచిన "అక్కా, లేవకు, కూసో!" అన్న మాట ఇక్కడ రాయదగిన మొదటి పాఠం. లైఫ్ జాకెట్ విప్పకూడదు. 2007 జనవరిలో, సింగోటం జాతర రోజుల్లో, ఇక్కడే మంచాలకట్ట దగ్గర పడవ మునిగి 61 మంది పోయారు. ఆ మాట ఎత్తితే రేవులో ఇప్పటికీ గొంతులు తగ్గుతాయి.

పుట్టికి ముందూ వెనకా లేవు. తెడ్డును పక్కన వేసి లాగితే ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. ముందు అంచున మోకాళ్ల మీద కూర్చుని, తెడ్డును ఎదురుగా వేసి తన వైపుకు లాక్కోవాలి, ఒకటి కుడికి, ఒకటి ఎడమకు. వెనక బారెడు తాడుకు సగం నీళ్లు నింపిన ఐదు లీటర్ల డబ్బా కట్టి వదిలితే తిరగడం బాగా తగ్గుతుంది. వెడల్పు నీళ్లు దాటే పని ఉంటే పొద్దు బారెడు ఎక్కేలోపే ముగించాలి. గాలి లేచాక మనం లాగే దారి వేరు, పుట్టి పోయే దారి వేరు. ఖాళీ పుట్టిని నీళ్లలో వదలొద్దు. ఒడ్డుకు లాగి బోర్లించి, అంచు మీద రెండు రాళ్లు పెట్టాలి.

పుట్టికి అసలు శత్రువు సర్కారు తుమ్మ ముల్లు. నీటి అంచంతా అదే. మాకు ఏడో రోజు అడుగున చెమ్మ కనిపించింది. బోర్లించి చేత్తో తడిమితే ఏమీ తగల్లేదు. ఎండకు ఎదురుగా ఎత్తి పట్టుకుని లోపలి నుంచి చూస్తే, బద్దల సందున ఆవగింజంత వెలుతురు. ముల్లు విరిగి అల్లికలో ఉండిపోయింది. దాన్ని పటకారుతో లాగెయ్యకుండా తారు పూస్తే మళ్లీ అక్కడే చిరుగుతుంది. ముల్లు తీసి, ఆ చోటు ఒకపూట ఎండలో పూర్తిగా ఆరనిచ్చి, పాత తారును కత్తి మొనతో గీకి, అరచేతంత నూలుగుడ్డను కరిగిన తారులో ముంచి అంటించి, పైన ఇంకో పూత వేశాం. తారు పొగలొచ్చేంత కాగితే పట్టాకే చిల్లు పడుతుంది, జారేంత కాగితే చాలు. తడి మీద వేస్తే రెండో రోజుకే పెచ్చుగా లేచి వస్తుంది. అరకిలో తారు, ఒక పాత లుంగీ వెంట లేకుండా ఈ నీళ్లలోకి రావద్దు.

తాగడానికి కృష్ణ నీళ్లే. అంచు నీళ్లు కలకగా ఉంటాయి, పుట్టిలో వంద అడుగులు లోపలికి పోయి ముంచుకోవాలి. బిందెలో పోసి, చిల్లగింజను గరుకు రాతి మీద నీళ్లతో అరగదీసి ఆ గంధం కలిపితే రాత్రికి మన్ను అడుగు పడుతుంది. గింజ దొరక్కపోతే పటిక ముక్కను నీళ్లలో నాలుగు చుట్లు తిప్పి తీసెయ్యాలి, ఎక్కువైతే వగరు. తేరిన నీళ్లను కదలకుండా వంచి, మరగబెట్టాకే తాగాలి. నీళ్లు తేరినంత మాత్రాన రోగం పోదు. నీళ్లు ముంచే వైపు చేపలు కడగొద్దు. కృష్ణలో మొసళ్లున్నాయి, చేప వాసన పడితే రోజూ అదే చోటికి వస్తాయి.

తిండికి జొన్నపిండి, బియ్యం, చింతపండు, ఉల్లిగడ్డలు, ఎల్లిపాయ కారం. సజ్జపిండి తేవొద్దు, వారం తిరక్కుండానే చేదెక్కుతుంది. పచ్చిపులుసుకు పొయ్యి అక్కర్లేదు, గాలి ఎక్కువున్న పూట అదే ఆదుకుంది. చేపలు జాలర్ల దగ్గర కొనుక్కున్నాం. విశాఖ వైపు నుంచి వచ్చి ఒడ్డున గుడిసెలేసుకున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. భర్త వల వేస్తే భార్య తెడ్డు పడుతుంది. మిగిలిన రవ్వ, బొచ్చె చేపలను ఎండబెట్టాం. వీపు వెంట చీల్చి, పేగులు, మొప్పలు తీసి, కిలోకు పావుకిలో ఉప్పు పట్టించి ఒక రాత్రి ఉంచి, వల పందిరి మీద మూడు ఎండలు. పొద్దు గూకగానే కప్పకపోతే మంచుకు మెత్తబడి పురుగు పడుతుంది, మా మొదటి నాలుగు చేపలు అట్లాగే పోయాయి. అలివి వలల చేప మాత్రం కొనలేదు. ఆ సన్నకళ్ల వల వేలెడు పిల్లను కూడా వదలదు. వద్దని నిషేధం ఉన్నా రాత్రిళ్లు లాగుతూనే ఉన్నారు. దాని దెబ్బ మామూలు వల వేసుకునే కుటుంబాల మీదే పడుతోంది.

అమరగిరి దిగువన నల్లమల దగ్గర పడుతుంది. అమ్రాబాద్ పులుల అడవి హద్దులో రాత్రి బస పెట్టుకోవద్దు. ఎక్కడుంటున్నామో, ఎన్నాళ్లో రేవులో ఇద్దరికి చెప్పి, రోజూ సాయంత్రం ఫోన్ చేస్తామని మాట ఇచ్చాం. సిగ్నల్ తిప్ప నెత్తి మీదే అందుతుంది.

పదిహేడో రోజు తిప్పకూ గడ్డకూ మధ్య నీళ్లలో గట్టురాళ్ల వరస ఒకటి నల్లగా తేలింది. మర్నాటికి దాని పక్కన బురద. పంతొమ్మిదో రోజు చీకటుండగానే లేచి సామాను సర్దుతుంటే మేకల గంటలు వినిపించాయి. కాపరి ఆ రాళ్ల మీదుగా మందను నడిపించుకుంటూ తిప్ప ఎక్కుతున్నాడు. మిగిలిన ఎండుకట్టెలు, సగం ఉప్పు సంచి ఆయనకిచ్చి, గాలి లేవకముందే పడమటి వైపు నుంచి పుట్టి దించాం.