2120 డిసెంబర్ 5

14 అక్టోబర్ 2025, మంగళవారం

పదకొండున్నరకు పరీక్షలో ఉన్న బోర్డు (ఆల్‌విన్నర్ A64 చిప్ మీద లైనక్స్ నడిచే చిన్న కంప్యూటరు) సర్వరుతో మాట్లాడటం మానేసింది. సర్వరు గుర్తింపు పత్రం, అంటే సర్టిఫికెట్, గడువు తీరిపోయిందట. నిన్నగాక మొన్న పెట్టిన సర్టిఫికెట్! సర్వర్లు చూసే అబ్బాయికి ఫోను చేసి కసిరాను. "ఇక్కడ అంతా బాగానే ఉందన్నా, మీ తేదీ చూసుకోండి" అన్నాడు. బోర్డు గడియారం చూసుకున్నాను. 2120 డిసెంబర్ 5. గంటలూ నిమిషాలూ మాత్రం దాదాపు సరిగానే ఉన్నాయి, నాలుగు నిమిషాలు వెనక.

తప్పు నేను రాసిన డ్రైవర్‌దే (హార్డ్‌వేర్‌ను నడిపే ప్రోగ్రాందే) అనుకుని భోజనాల వేళ దాకా దాన్నే తిరగేశాను. హార్డ్‌వేర్ జవాబు కోసం కాచుకునే చోట సమయం లెక్కగట్టే పంక్తులు నాలుగు ఉన్నాయి. వాటిని పీకేసినా గడియారం మళ్లీ గెంతింది.

పెరుగన్నం ముందు కూర్చుని లెక్క వేశాను. గడియారం గెంతింది 34,750 రోజులకు నాలుగు నిమిషాలు తక్కువ. సెకన్లలోకి మార్చి, చిప్‌లోని టైమర్ వేగం 24 మెగాహెర్ట్జ్‌తో (సెకనుకు 2.4 కోట్ల టిక్కులు) హెచ్చిస్తే 2 యొక్క 56వ ఘాతం వచ్చింది. లైనక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్, ఆ టిక్కులు లెక్కపెట్టే కౌంటర్‌ను చూసేది 56 బిట్లుగానే, అంటే 56 సున్నా-ఒకటి అంకెలుగానే! అన్నం సగంలో వదిలేసి పైకి పరుగెత్తాను. (ఈ సంగతి ఇంట్లో తెలియకపోవడమే మంచిది.)

పాత కరెంటు మీటరు గుర్తొచ్చింది. 4799 నుంచి 4800కు అంకెలు తిరుగుతుండగా చూస్తే 4700 కనిపించవచ్చు. పోయిన నెల రీడింగ్ 4790. మీటరు వెనక్కి తిరగదు కదా, 99999 దాటి మళ్లీ మొదటికి వచ్చి ఉంటుందని బిల్లు వేసేవాడు తేలుస్తాడు. ఆ నెల బిల్లు లక్ష యూనిట్లకు కాస్త తక్కువ! కెర్నల్ చేసిందీ అదే. పై బిట్టు మారే క్షణంలో కింది బిట్లు కుదురుగా లేక ఒక్క రీడింగ్ వెనక్కి పడింది. దానికి అది పూర్తి చుట్టు గడిచినట్టే, అంటే 95 ఏళ్ల పైచిలుకు.

చిప్‌లోని ఈ లోపానికి మందు 2019 నుంచే లైనక్స్‌లో ఉంది. కింది తొమ్మిది బిట్లూ సున్నాలైనా, అన్నీ ఒకట్లైనా ఆ విలువను పక్కనపెట్టి మళ్లీ చదవడం. రెండింటినీ ఒకే పోలికతో పట్టడానికి ముందుగా ఒకటి కలుపుతారు. ఒకట్లన్నీ సున్నా అవుతాయి, సున్నాలు ఒకటి అవుతాయి. ఫలితం ఒకటికి మించకపోతే అనుమానమే. ఎవరు రాశారో గానీ ముచ్చటేసింది. 150 సార్లు చదివినా కుదరకపోతే ఒక హెచ్చరిక పడేసి ముందుకు పోతుంది. కెర్నల్‌లో ఈ లోపం పేరు 'అన్‌నోన్1'. పేరైనా నిజాయితీగా పెట్టారు.

మా బోర్డు డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏ హార్డ్‌వేర్ ఉందో కెర్నల్‌కు చెప్పే ఫైలులో) ఈ లోపం ఉందని చెప్పే పంక్తి లేదు. ఒక్క పంక్తి! దానికోసం ఒక పూట పోయింది. చేర్చి, చిప్‌లోని నాలుగు కోర్ల (ప్రాసెసర్ల) మీదా కౌంటర్‌ను వెంటవెంటనే చదివి పోల్చే చిన్న ప్రోగ్రాం మళ్లీ వదిలాను. మధ్యాహ్నం ఆ పంక్తి లేనప్పుడు రెండు నిమిషాల్లోనే అరిచిన ప్రోగ్రాం, ఏడున్నరకు నేను బయలుదేరేదాకా నోరెత్తలేదు.

రేపు వెళ్లగానే ఆ అబ్బాయికి టీ ఇప్పించాలి.